ఆరో ఆదేశానికి నమస్కారం

పోలీసు కంప్లైంట్స్ అథారిటీ, నిన్ను పొగడడానికే ఈ నాలుగు మాటలు. నీలో ఉన్నదాన్నే పొగుడుతాను. ఉన్నదాన్ని ఉన్నట్టు పొగిడితే లేనిదేమిటో చదివేవాళ్ళకు దానంతటదే తెలుస్తుంది.

నీ పుట్టుక గొప్పది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాలకు ఏడు ఆదేశాలిచ్చింది. అందులో ఆరోదానివి నువ్వు. నీ కోసం కోర్టు మెట్లెక్కినవాళ్ళలో ముందున్నది ఉత్తరప్రదేశ్‌కూ అస్సాంకూ డీజీపీగా, సరిహద్దు భద్రతా దళానికి అధిపతిగా పనిచేసిన ప్రకాశ్ సింగ్. 1996లో పిటిషన్ వేసి, పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి, తాను పనిచేసిన శాఖ మీద బయటివాళ్ళ కన్ను ఉండాలని ఆయన అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా ఖాకీ వేసుకున్న మనిషి ఆ మాట అన్నారంటే, నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందో తెలిసే అన్నారు. నిన్ను కన్నవాళ్ళను తలచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. పెంచే బాధ్యత ఎవరి మీద పడిందో తలచుకుంటే ఆ గర్వం నిలవదు.

నీకు గీసిన రూపం కూడా చక్కనిది. రాష్ట్రంలో నీ పీఠం మీద విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి కూర్చోవాలి. జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి. రాష్ట్ర పీఠం ఎస్పీ, ఆపై హోదా అధికారుల మీద వచ్చే ఫిర్యాదులు వింటుంది. డీఎస్పీ వరకు ఉన్నవాళ్ళ మీదవి జిల్లా పీఠం వింటుంది. సభ్యుల పేర్లు మానవ హక్కుల సంఘమో, లోకాయుక్తో, పబ్లిక్ సర్వీస్ కమిషనో ఇచ్చిన జాబితాలోంచి రావాలి. క్షేత్ర విచారణకు మళ్ళీ అదే స్టేషన్ మీద ఆధారపడకుండా, సీఐడీలోనో విజిలెన్స్‌లోనో పనిచేసి రిటైరైన దర్యాప్తు అధికారులను పెట్టుకోవచ్చు. అన్నిటికంటే మిన్న అయిన మాట ఇంకొకటి ఉంది. శాఖాపరమైన చర్యకైనా, క్రిమినల్ చర్యకైనా నువ్వు చేసే సిఫార్సుకు సంబంధిత అధికారులు కట్టుబడి తీరాలి. మన దేశంలో ఎన్ని కమిషన్లు లేవు! వాటి నివేదికలు ఎన్ని సచివాలయాల బీరువాల్లో లేవు! నీ మాటకు ఆ గతి పట్టకూడదని పుట్టుకలోనే రాసిపెట్టారు. ఆ ఒక్క వాక్యం కోసం నీకు రెండు చేతులా మొక్కుతాను.

ఆ వాక్యం విలువ తెలియాలంటే నువ్వు లేని చోట దెబ్బలు తిన్నవాడు నడిచే దారి చూడాలి. ‘‘ఎంక్వయిరీ ఉంది, ఒకసారి స్టేషన్‌కి రా’’ అని కబురొస్తుంది. వెళ్ళినవాడు రాత్రికి ఇంటికి రాడు. అరెస్టు చూపించరు కాబట్టి, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సిన 24 గంటల లెక్క కాగితం మీద మొదలే కాదు. మూడో రోజు ఎవరో ఊరి పెద్ద పూచీ పడితే గోడ పట్టుకుని నడుస్తూ వస్తాడు. ఎస్సై మీద చెప్పుకోవాలంటే సీఐ దగ్గరికి పోవాలి, సీఐ మీదైతే డీఎస్పీ దగ్గరికి. లేదంటే సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. అర్జీ మీద ‘విచారించి నివేదిక పంపండి’ అని రాసి కిందికి పంపుతారు. ఆ కాగితం మెట్టు మెట్టూ దిగి చాలాసార్లు కొట్టినవాడి టేబుల్ మీదికే చేరుతుంది. ఆ సాయంత్రం అర్జీదారుడి ఇంటికి ఫోనొస్తుంది. ఆ తర్వాత అర్జీ ఉండదు.

ఈ దారికి అడ్డంగా నిలబడతానని మాటిచ్చింది నువ్వు ఒక్కదానివే.

చట్టంలోని గాయం కొలతలు తెలిసినవాళ్ళకు నీ జిల్లా పీఠం గొప్పతనం ఇంకా బాగా అర్థమవుతుంది. ఎముక విరగడం, పన్ను ఊడడం, కన్నో చెవో పోవడం, ఇన్ని రోజులు తీవ్రమైన బాధ పడడమో రోజువారీ పనులు చేసుకోలేకపోవడమో లాంటివి ఉంటేనే చట్టం దాన్ని తీవ్ర గాయం అంటుంది. ఆ రోజులు పాత శిక్షాస్మృతిలో 20, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 15. థర్డ్ డిగ్రీ చేయి తిరిగినవాళ్ళకు ఈ కొలతలు నోటికొచ్చు. అరికాళ్ళ మీద కొట్టిన లాఠీ ఎముక విరగ్గొట్టదు. తొడల మీద దొర్లించిన రోకలి చర్మం చిట్లనివ్వదు. రాష్ట్ర పీఠం ముందున్న పని కస్టడీలో చావు, తీవ్ర గాయం, అత్యాచారం లాంటివి. జిల్లా పీఠానికి మాత్రం వీటితోపాటు బలవంతపు వసూళ్ళు, ఇళ్ళూ భూములూ కాజేయడం, అధికారాన్ని తీవ్రంగా దుర్వినియోగం చేసిన ఏ ఘటననైనా వినే హక్కు ఇచ్చారు. ఎక్స్‌రేలో కనిపించని దెబ్బకు నీలో తెరిచిపెట్టిన తలుపు అదే. ఎస్పీలు స్వయంగా లాఠీ పట్టడం అరుదు. లాఠీ పట్టేది కానిస్టేబులు, హెడ్డు, ఎస్సై, సీఐ. వాళ్ళందరూ జిల్లా పీఠం కిందికే వస్తారు. అంటే నీ ప్రాణమంతా జిల్లాలోనే ఉంది.

ఇక తెలంగాణలో నిన్ను ఎలా నిలబెట్టారో చెప్పాలి. సుప్రీంకోర్టు ఆదేశాలను అమలు చేయడానికి ప్రభుత్వాలకు ఇచ్చిన గడువు 2006 డిసెంబరు 31. నీ పేరున తెలంగాణలో ఉత్తర్వు వెలువడింది 2021లో. రాష్ట్ర స్థాయికి ఒక పీఠం, జిల్లాల కోసం హైదరాబాద్‌కు ఒకటి, వరంగల్‌కు ఒకటి. జిల్లాలు 33. ఆలస్యంగానైనా వచ్చావు, అందుకు నేను సంతోషించాను. కానీ ఆదిలాబాద్ ఏజెన్సీలో దెబ్బలు తిన్న గోండు రైతుకు ఆ రెండు ఊళ్ళలో ఏది చూసినా రెండు వందల కిలోమీటర్లకు పైనే. బస్సు చార్జీ, పోగొట్టుకున్న కూలి, తోడొచ్చే మనిషి ఖర్చు, మళ్ళీ వాయిదాకు మళ్ళీ అదే ప్రయాణం. రాష్ట్ర పీఠాన్ని రాజధానిలో పెట్టినందుకు ఎవరికీ నష్టం లేదు, పెద్ద అధికారులు ఉండేది అక్కడే. జిల్లా పీఠాన్ని జిల్లాలోంచి తీసేస్తే మాత్రం నీలో మిగిలేది బోర్డు. నీ ప్రాణం ఎక్కడుందో ఉత్తర్వు రాసినవాళ్ళకు తెలియదని నేను అనుకోను.

ఆంధ్రప్రదేశ్‌లో కూడా నీకు 2021లోనే ఒక అధ్యక్షుణ్ణి ప్రకటించారు. నిబంధనల ప్రకారం వయసు 65 దాటకూడదు. నియమించిన విశ్రాంత న్యాయమూర్తి ఆ వయసు ఎప్పుడో దాటారు. హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపివేసింది. రాష్ట్రంలో అర్హులైన విశ్రాంత న్యాయమూర్తులకు కొరత లేదు. ప్రభుత్వం తాను రాసుకున్న నిబంధనను తానే చదివి ఉంటే, నీ దగ్గరికి రావాల్సినవాళ్ళకు అన్ని నెలలు వృథా అయ్యేవి కావు. ఇతర రాష్ట్రాలవాళ్ళు నిన్ను మరోలా మలిచారు. కేరళ 2011 చట్టంలో నువ్వు జిల్లా జిల్లాకూ ఉన్నావు, అది నిజంగా మెచ్చుకోదగ్గది. అయితే ఆ జిల్లా పీఠంలో విశ్రాంత జడ్జి పక్కన కలెక్టరు, జిల్లా ఎస్పీ కూర్చుంటారు. బీహార్ చట్టంలో జిల్లా మేజిస్ట్రేటు అధ్యక్షుడు, ఎస్పీ సభ్యుడు. ఎస్సై మీద చెప్పుకోవడానికి భయం భయంగా వచ్చిన మనిషి తలెత్తి చూస్తే ఎదురుగా ఆ ఎస్సై పైఅధికారి ఉంటాడు. నీ గుమ్మం దాకా వచ్చిన ధైర్యం అక్కడితో సరి.

నువ్వు పుట్టకముందు ఏమైందో మా ప్రాంతం మరిచిపోలేదు. 1975 జూలైలో, ఎమర్జెన్సీ మొదలైన నెల రోజులకు, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులను ఎదురుకాల్పుల పేరిట చంపారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ కోరిక మీద తార్కుండే కమిటీ ఆ ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు సేకరించింది, పౌర హక్కుల న్యాయవాది కన్నబిరాన్ దానికి వెన్నెముకగా నిలబడ్డారు. ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేయక తప్పలేదు. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలని ప్రభుత్వం పట్టుబట్టడంతో అది మధ్యలోనే ఆగిపోయింది. ఆ మరుసటి ఏడాది, 1978లో, హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగింది. అడగడానికి వెళ్ళిన ఆమె భర్త, రిక్షా తొక్కి బతికే మనిషి, దెబ్బలకు చనిపోయాడు. నగరం తగలబడింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. అక్కడి సెషన్స్ కోర్టు 1981లో నిందితులందరినీ విడిచిపెట్టింది. కమిషన్ ముందు తేలిన నిజం కోర్టు గది దాకా నడవలేకపోయింది. ఈ రెండింటినీ గుర్తుపెట్టుకుని చూసినప్పుడు, బహిరంగంగా, జిల్లాలోనే, కట్టుబడే మాటతో పనిచేసే నీలాంటి శాశ్వత సంస్థ ఎంత అపురూపమో తెలుస్తుంది. అప్పట్లో నువ్వు లేవు. ఇప్పుడు ఉండీ అలాంటి ఇళ్ళవాళ్ళకు అందకపోతే దానికి ఏ పేరు పెట్టాలి?

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ మరణించింది. హైకోర్టు మళ్ళీ పోస్టుమార్టం చేయించింది. శాఖ ఒక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ఉద్యోగం నుంచి తీసేసింది. 2023లో మెదక్‌లో గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయని ఒక కూలీని పట్టుకెళ్ళారు. ఆ దొంగతనానికీ అతనికీ సంబంధం లేదు. స్టేషన్‌లో కొట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచే చెప్పుకున్నాడు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో ప్రాణం వదిలాడు. పత్రికల్లో వచ్చిన వార్తలు చూసి హైకోర్టు తనంత తానుగా ఆ విషయాన్ని విచారణకు తీసుకుంది. హైకోర్టుకు నమస్కారం. ఆ పనికి సుప్రీంకోర్టు నియమించింది నిన్ను. పేపరు చదివి కదలాల్సిన మొదటి చేయి నీది. ఒక కూలీ భార్య తన భర్త ఒంటి మీది గుర్తులు చూపించడానికి రాష్ట్రంలోని అత్యున్నత న్యాయస్థానం దయ కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకుండా నిన్ను సృష్టించారు.

మా భాషలో జనం నోట ఎక్కువ కాలం నిలిచిన నిందాస్తుతి గోల్కొండ చెరసాలలో పుట్టింది. కంచర్ల గోపన్న రాముడికి చేయించిన నగలకు లెక్కలు చెప్పి, ఎవరబ్బ సొమ్మని నిలదీసి, దెబ్బలు ఓర్వలేక తిట్టానని తానే ఒప్పుకుని మన్నించమన్నాడు. ఖైదులో దెబ్బలు తింటున్న మనిషి తనను కాపాడాల్సినవాడితో మాట్లాడిన మాటలవి. అంత చనువుతో తిట్టాడంటే అంత నమ్మాడని అర్థం. నీతో నేను మాట్లాడుతున్నదీ అలాంటి నమ్మకంతోనే. నీ మీద ఆశ లేనివాళ్ళు నీ పేరు కూడా ఎత్తరు.

నీ భక్తులు తక్కువ. ఈ తప్పులో మా జనానికీ వాటా ఉంది, దాన్ని దాచను. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పొద్దెక్కేసరికి జనం ఆ చోటికి వెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఆ రోజు పూలు చల్లిన చేతులు ఈ నివేదికను తెరిచి చూసినట్టు నాకు కనిపించలేదు. తుపాకీ పేల్చడానికి మనం ఇచ్చిన ఆ మెప్పే మరుసటి రోజు ఏదో ఊరి స్టేషన్‌లో, ఏ నేరమూ చేయని కుర్రాడి మీద లేచే లాఠీకి అనుమతి అవుతుంది. అందుకే ప్రభుత్వాలకు నిన్ను నిలబెట్టాలన్న తొందర లేదు. ఓటు వేసేవాళ్ళు నిన్ను అడగరు.

నువ్వు పోలీసులకు శత్రువువని ప్రచారం చేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. పండగ లేదు, ఆదివారం లేదు, వారాంతపు సెలవు కాగితం మీద తప్ప దొరకదు, అలాంటి కానిస్టేబులు బతుకు నాకు తెలుసు. తప్పుడు ఫిర్యాదు పడినప్పుడు శాఖే విచారించి ‘నిర్దోషి’ అంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు. శాఖతో సంబంధం లేని జడ్జి బహిరంగంగా విని, ఫిర్యాదు అబద్ధమని చెబితే ఆ కానిస్టేబులు తలెత్తుకుని తిరగగలడు. కొట్టమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ‘‘రేపు అథారిటీ ముందు నేను నిలబడాలి సార్’’ అనగలిగే సందు కూడా నువ్వే. నిజాయితీగా బతకాలనుకునే పోలీసుకు నీ అంత అండ మరొకటి లేదు. ఆ అండను వాళ్ళకు దక్కకుండా చేసింది ఎవరో పోలీసు సంఘాలు కూడా ఒకసారి ఆలోచించాలి.

దూరదేశాల్లో నీ తోబుట్టువులు ఉన్నారు. 2023 జనవరిలో సియాటెల్‌లో, ఆదోని నుంచి చదువుకోవడానికి వెళ్ళిన 23 ఏళ్ళ అమ్మాయి రోడ్డు దాటుతుంటే పోలీసు వాహనం ఢీకొట్టి చనిపోయింది. గంటకు 25 మైళ్ళు దాటకూడని వీధిలో అది 74 మైళ్ళ దాకా వెళ్ళింది. ఆ చావు గురించి ఫోనులో నవ్వుతూ మాట్లాడిన ఇంకో అధికారి మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి. అది విన్న శాఖ ఉద్యోగి ఒకరు పైకి తెలియజేశారు. యూనిఫాం లేని పౌరుడు నడిపే పోలీసు జవాబుదారీ కార్యాలయం విచారించింది. రికార్డు ప్రజల ముందుకు వచ్చింది. 2024 జూలైలో ఆ అధికారి ఉద్యోగం పోయింది. అక్కడి పద్ధతి నిండు న్యాయమని నేననను. వాహనం నడిపిన అధికారి మీద క్రిమినల్ కేసు పెట్టలేదు, 5,000 డాలర్ల ట్రాఫిక్ జరిమానా వేశారు. శిక్ష విషయంలో ఆ కార్యాలయం సిఫార్సు మాత్రమే చేయగలదు, చివరి మాట పోలీసు చీఫ్‌దే. న్యూయార్క్ పౌర సమీక్షా బోర్డుదీ అదే స్థితి. 2014 జూలైలో స్టాటెన్ ఐలాండ్‌లో ఒక నల్లజాతి మనిషి మెడ బిగించి ప్రాణం తీసిన అధికారిని ఉద్యోగం నుంచి తీసేయడానికి 2019 ఆగస్టు దాకా పట్టింది. ధనిక దేశంలో, దశాబ్దాల అనుభవమున్న ఆ సంస్థలకు లేనిది నీకు ఉంది. కట్టుబడి తీరాలన్న వాక్యం సుప్రీంకోర్టు నీకే రాసిచ్చింది. వాళ్ళ చేతిలో కెమెరాలున్నాయి, సొంత దర్యాప్తు సిబ్బంది ఉన్నారు, జనం చదువుకునేందుకు కేసుల ఫలితాలు ఉన్నాయి. నీ చేతిలో ఆదేశమిచ్చే అధికారం ఉంది, అది ఎవరి మీద ఎన్నిసార్లు వాడావో చదువుకునే ఏర్పాటు మాకు లేదు.

2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్పు, వరండా, ఇన్‌స్పెక్టరు గది ఏదీ వదలకుండా, మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలనీ, ఆ రికార్డును 18 నెలలు దాచాలనీ చెప్పింది. నీకు అంతకంటే మంచి సాక్షి దొరకదు. ఫిర్యాదు అందిన రోజే ఆ రికార్డును నీ స్వాధీనంలోకి తెచ్చుకోవాలి. కెమెరా ఆ రాత్రే చెడిపోయిందని స్టేషన్ జవాబిస్తే, ఆ జవాబునే అధికార దుర్వినియోగం కింద నమోదు చేయాలి. నీకున్న హక్కుల్లో అది ఇముడుతుంది. ప్రతి స్టేషన్ గోడ మీద ఎస్సై ఫోను నంబరు పక్కన నీ చిరునామా, నీ నంబరు తెలుగులో, ఉర్దూలో రాసి ఉండాలి. నెలకు ఒకసారి ప్రతి జిల్లా కేంద్రానికి నువ్వే రావాలి, ఏజెన్సీ మండలాలకు గోండి, కోయ మాట్లాడే మనిషిని వెంట తెచ్చుకుని రావాలి. ఫిర్యాదుదారుడికి విచారణ సాగినన్నాళ్ళు ఆ స్టేషన్ నుంచి ఫోను వెళ్ళకుండా చూడాలి. ఏటా శాసనసభ ముందు ఒక నివేదిక పెట్టాలి. ఏ స్టేషన్ మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో నువ్వు ఎన్నింట్లో చర్య తీసుకోమన్నావు, ఎన్ని రోజుల్లో తీసుకున్నారు, తీసుకోని చోట ఆ ఫైలు ఆపిన అధికారి హోదా ఏమిటి అన్నది అందులో ఉండాలి. ఇందులో ఒక్కటి కూడా కొత్తగా అడుగుతున్న వరం కాదు. 2006లో నీకు పేరు పెట్టిన నాడు ఇచ్చిన మాట నిలబడడానికి కావాల్సినవే ఇవన్నీ.